ఋషివ్యాలీ నుంచి పల్లెబడి దాకా

జహీరాబాదుకు చేరువగా, కర్ణాటక సరిహద్దులో, మొగుడంపల్లి ఉన్నది. 1956కు పూర్వం ఈ సీమ హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాకు చెందినది. ఆ తరువాత మెదకు జిల్లాలో చేరినది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినది. ఏలుబడులు మారినవి, జిల్లాలు మారినవి. వానను నమ్ముకొన్న సేద్యం మాత్రం చాలవరకు అట్లే నిలిచినది. జొన్న, కంది ఇక్కడి పాతపంటలు. ఇంట తెలుగు మాట్లాడే పిల్లలు, కన్నడం మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు, తండాలలో లంబాడీ భాష మాట్లాడే పిల్లలు పక్కపక్కనే పెరిగే ప్రాంతం ఇది.

ఇటువంటి పల్లెలో కంది కోతల కాలం వచ్చినదనుకొందాము. నాలుగవ తరగతి చదివే ఒక బాలిక తల్లి వెంట చేనికి పోతుంది. లేదా తల్లి చేనికి పోతే చంటి తమ్ముణ్ణి ఎత్తుకొని ఇంటివద్ద ఉంటుంది. పది పన్నెండు దినాలు గడచిన తరువాత మళ్లీ బడికి వస్తుంది. అప్పటికి పాఠం ఎంతో ముందుకు సాగిపోయి ఉంటుంది. భాగహారం నడుస్తూ ఉండగా వెళ్లిన పిల్ల, భిన్నాలు నడుస్తూ ఉండగా తిరిగివస్తుంది. "ఇన్ని దినాలు ఏడ పోయినవ్?" అని పంతులుగారు అడుగుతారు. ఆ ప్రశ్నకు పిల్లవద్ద జవాబు లేక కాదు, ఆ జవాబుతో బడికి పని లేదు. ఒక ఏడు ఇట్లా జరుగుతుంది, మరొక ఏడు ఇట్లా జరుగుతుంది. కడకు పేరు హాజరుపట్టీలో ఉంటుంది, పిల్ల చేనిలో ఉంటుంది.

ఈ తప్పు ఎవరిది? బడికి తగినట్లు పిల్ల ఒదగవలెనా, పిల్లకు తగినట్లు బడి ఒదగవలెనా? ఈ ప్రశ్నను తీరికగా, శ్రద్ధగా విచారించిన పాఠశాల ఒకటి మన తెలుగుదేశంలోనే, ఇక్కడికి దూరాన, రాయలసీమ కొండల నడుమ పుట్టినది. అది ఫీజు చెల్లించగలవారి పిల్లలకు నడచిన పాఠశాల. కాని అక్కడ దొరికిన జవాబు అక్కడనే ఆగిపోలేదు. అనేక చేతులు మారి, రాష్ట్రం దాటి, తిరిగివచ్చి, పేద పల్లెల పిల్లలను చేరినది. ఆ ప్రయాణమే ఈ ప్రసంగానికి విషయం.

ముందుగా మన పాత వీథిబడిని ఒక్కసారి తలచుకొనవలెను. ఆ బడిలో నేటి అర్థంలో తరగతులు లేవు. ఇసుకలో ఓనమాలు దిద్దే పసివాడూ, పద్యాలు వల్లెవేసే పెద్దవాడూ ఒకే అరుగుమీద కూర్చునేవారు. ఎవరి పాఠం వారిది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు. 1790 ప్రాంతాలలో మదరాసు ఎగ్మూరులో అనాథ బాలుర శాలకు అధికారిగా ఉన్న ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు ఈ పద్ధతిని చూచి ముచ్చటపడి, తన శాలలో ప్రవేశపెట్టి, స్వదేశానికి పోయి గ్రంథం వ్రాసినాడు. ఇంగ్లండులో అది మదరాసు పద్ధతి అనే పేరుతో వ్యాపించినది. అయితే వీథిబడిని కేవలం మెచ్చుకొని ఊరుకొనరాదు. కోదండం వేయడమూ, తొడపాశం పెట్టడమూ ఆ అరుగుమీద జరిగినవే. అంతేగాక ఆ అరుగు ఎక్కే భాగ్యం అన్ని కులాల పిల్లలకూ, ఆడపిల్లలకూ ఉండేది కాదు. ఆంగ్లేయుల ఏలుబడిలో తరగతులు, నిర్ణీత పాఠ్యపుస్తకాలు, ఇన్‌స్పెక్టరు పరీక్షలు వచ్చినవి. బడి తలుపులు కొంత విశాలమయినవి. దెబ్బలు మాత్రం తగ్గలేదు. పైగా పిల్లలందరూ ఒకే దినాన ఒకే పుట తిప్పవలెననే నియమం కొత్తగా వచ్చి చేరినది.

ఈ నియమాన్ని ప్రశ్నించినవారు పలుదేశాలలో ఉన్నారు. రష్యాలో టాల్‌స్టాయి 1859లో తన యాస్నయా పొల్యానా ఎస్టేటులో రైతుబిడ్డల కొరకు బడి పెట్టి, శిక్షలు లేకుండా నడిపినాడు. మన దేశంలో రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనంలో చెట్లనీడన పాఠశాల ఆరంభించినారు. 1921లో ఎ. ఎస్. నీల్ స్థాపించిన సమ్మర్‌హిల్ పాఠశాలలో పాఠానికి పోవడమూ మానడమూ పిల్లల ఇష్టానికే వదలినారు. పాఠశాల సభలో ప్రధానోపాధ్యాయునికి ఎంత ఓటో పసిపిల్లకూ అంతే ఓటు. 1937లో గాంధీజీ వార్ధా మహాసభలో చేతిపని ద్వారా చదువు చెప్పవలెనని ప్రతిపాదించినారు. దారులు వేరయినా వీరందరూ బడిని పిల్లవాని వైపునుంచి చూడ యత్నించినవారే.

ఈ వరుసలో మన మదనపల్లెకు ఒక స్థానం ఉన్నది. అనీబిసెంటు 1915లో అక్కడ దివ్యజ్ఞాన కళాశాల స్థాపించినది. 1919లో రవీంద్రులు ఆ ఊరికి వచ్చి, అక్కడ ఉన్న దినాలలోనే జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించినారు. ఆ మదనపల్లెలోనే 1895లో జిడ్డు కృష్ణమూర్తిగారు జన్మించినారు. తండ్రి నారాయణయ్యగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. 1909లో ఆ కుటుంబం మదరాసు అడయారుకు చేరినది. బాల్యంలో కృష్ణమూర్తి చదువులో చురుకైనవాడు కాడు. జబ్బులతో నీరసించిన దేహం, ఎటో చూచే చూపు, పాఠం నిలవని జ్ఞాపకం. ఉపాధ్యాయులు అతనిని మందబుద్ధి అని ఎంచి, తరచుగా దండించినారు. ఆ ఏడే అడయారు సముద్రతీరాన లెడ్‌బీటరు అతనిని చూడడం, దివ్యజ్ఞాన సమాజంవారు జగద్గురువుగా తీర్చిదిద్దబూనడం జరిగినవి. తనకొరకు నిర్మించిన ఆ సంస్థను 1929లో హాలండులోని ఒమ్మెన్‌లో వేలమంది సమక్షంలో ఆయన స్వయంగా రద్దుచేసినారు. బడిలో ఎందుకూ కొరగాడనిపించుకొన్న బాలుడు, గురుపీఠాన్ని త్రోసిపుచ్చిన యువకుడు ఒక్కరే. ఈ రెండు విషయాలూ తెలిస్తేనే ఆయన విద్యావిచారం బోధపడుతుంది.

1920ల నడుమ ఆయన ఒక విద్యాలయానికి తగిన స్థలం వెదకుతూ, మదనపల్లెకు సుమారు 10 మైళ్ల దూరాన, నాటి చిత్తూరు జిల్లాలోని ఒక కరవు లోయను చూచినారు. చుట్టూ బండరాళ్ల కొండలు, నడుమ ఒక మహా వటవృక్షం. పూర్వం ఋషులు తపస్సు చేసినారని చెప్పుకొనే కొండ ఒకటి అక్కడ ఉన్నది. ఆ పేరుమీదనే ఋషివ్యాలీ అయినది. మదరాసు గిండీలో జాతీయ విద్యోద్యమంలో భాగంగా నడచిన పాఠశాల 1930ల తొలి సంవత్సరాలలో ఈ లోయకు తరలివచ్చినది. జి. వి. సుబ్బారావుగారు దాని తొలి ప్రధానోపాధ్యాయులు. 1950లో ఎఫ్. జి. పియర్స్ అనే ఆంగ్లేయ విద్యావేత్త ప్రధానోపాధ్యాయులుగా వచ్చి, 1958 దాకా పాఠశాలకు స్థిరమైన రూపం ఇచ్చినారు. సంధ్యవేళ పిల్లలూ పెద్దలూ కలిసి మౌనంగా కూర్చొని అస్తమయాన్ని చూచే అస్తాచలం అక్కడి దినచర్యలో ఒక భాగమయినది.

ఆ పాఠశాల తత్త్వం ఏమి? కృష్ణమూర్తిగారు 1953లో విద్యను గురించి ఒక గ్రంథం ప్రకటించినారు. ఆ తరువాతి ప్రసంగాలలోనూ ఈ విషయాన్నే పలుమారులు విచారించినారు. సారాంశం ఇది: ఒక పిల్లవానిని మరొకనితో పోల్చిన క్షణాననే భయం పుడుతుంది, భయం ఉన్న చోట బుద్ధి మొద్దుబారుతుంది. కాబట్టి మార్కుల వరుస, బహుమానం, శిక్ష మూడూ ఒకే చెట్టు కొమ్మలు. బహుమానంకూడా ఒక విధమైన బెదిరింపే. అది రాకపోతే ఏమగునో అనే దిగులు దానివెంట ఉంటుంది. పిల్లవానిని సరిదిద్దడానికి పూర్వం ఉపాధ్యాయుడు తన భయాలనూ, తన ఆశలనూ పరిశీలించుకొనవలెను. అయితే ఋషివ్యాలీ సమ్మర్‌హిల్ వంటిది కాదు. పాఠానికి పోవడం, వేళకు లేవడం అక్కడ పిల్లల ఇష్టానికి వదలినవి కావు. స్వేచ్ఛ అంటే తోచినట్లు తిరగడం కాదనీ, భయం లేకుండా చూడగలగడమనీ ఆయన అభిప్రాయం. అందుకే చెట్లు, పక్షులు, రాళ్లు అక్కడ పాఠ్యాంశాలలో చేరినవి. బోడిగా ఉన్న కొండలపై దశాబ్దాలపాటు మొక్కలు పెంచి, 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ స్థలంగా ప్రకటించినారు.

ఇంతవరకు విన్నవారికి ఒక సందేహం కలగక తప్పదు. అది న్యాయమైన సందేహమే. పరీక్షల భయం లేని చదువు, కొండగాలి, మౌనంగా చూచే సాయంకాలం, ఇవన్నీ ఫీజు కట్టగలవారికే గదా? లోయలో స్వేచ్ఛను గురించి చర్చ జరుగుతూ ఉండగా, లోయకు వెలుపల మేకలు కాచుకొనే పిల్లవానికి పలక సహితం లేదు గదా? స్వేచ్ఛ కలవారి బిడ్డల సొత్తు అయి, దండన పేదవారి బిడ్డల వంతు అయితే, ఆ తత్త్వం ఎంత గొప్పదయినా సగమే సత్యం.

ఈ సందేహానికి జవాబు 1950ల దశకంలో ఋషివ్యాలీలో పనిచేసిన ఒక ఉపాధ్యాయునినుంచి మొదలయినది. ఆయన పేరు డేవిడ్ హార్స్‌బరో. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వైమానికదళంలో చేరి మన దేశానికి వచ్చి, ఈ దేశాన్నే తనదిగా చేసికొన్న ఆంగ్లేయుడు. 1972లో ఆయన కర్ణాటకలోని కోలారు జిల్లాలో, తెలుగు కన్నడాలు రెండూ వినిపించే పల్లెప్రాంతంలో, నీల్‌బాగ్ అనే బడి పెట్టినారు. అది పల్లెపిల్లల బడి. తరగతులు లేవు, పరీక్షలు లేవు, బహుమానాలు లేవు, శిక్షలు లేవు. వేర్వేరు ఈడు పిల్లలు ఒకే గదిలో కూర్చుండేవారు. లెక్కలలో వెనుకబడిన పిల్లవాడు వడ్రంగంలో ముందుండవచ్చును. భాషలో ముందున్న పిల్ల లెక్కలలో తనకన్న చిన్నదానితో కూర్చుండవచ్చును. దానిలో సిగ్గు లేదు, ఏలననగా పోటీ లేదు.

రేడియోలో మాట్లాడేవారికి ఇందలి మర్మం సులువుగా తెలుస్తుంది. మేము గాజుగదిలో కూర్చొని మాట్లాడుతాము. శ్రోత ముఖం మాకు కనిపించదు. ఆయనకు అర్థమయినదో లేదో, మధ్యలో లేచి పోయినారో, మాకు తెలియదు. చెప్పవలసినది నిర్ణీత కాలంలో ముగించి లేచిపోతాము. ఇది రేడియోకు తప్పనిసరి. బడికి తప్పనిసరి కాదు. అయినా నలభైమందికి ఒకే పాఠాన్ని ఒకే వేగంతో చెప్పే పంతులుగారు ముఖాలు ఎదుటనే ఉన్నా రేడియోవలెనే మాట్లాడుతున్నారు. హార్స్‌బరో బడిలో ఉపాధ్యాయుడు ప్రసంగం మాని, పిల్లలనడుమ తిరిగే మనిషి అయినాడు.

హార్స్‌బరో 1984లో కాలధర్మం చెందినారు. ఆయనవద్ద శిక్షణ పొందినవారిలో రమ, పద్మనాభరావు దంపతులు ఉన్నారు. వారు 1980ల రెండవ భాగంలో ఋషివ్యాలీకి వచ్చి, గ్రామీణ విద్యాకేంద్రం పనిని చేపట్టినారు. ఈ విధంగా ఋషివ్యాలీనుంచి బయలుదేరిన విత్తనం కోలారు పల్లెలో మొలిచి, తిరిగి ఆ లోయ చుట్టుపట్ల పల్లెలకు వచ్చినది. వారు చుట్టుపక్కల ఊళ్లలో చిన్న చిన్న ఉపపాఠశాలలు నెలకొల్పినారు. ఒకటి రెండు గదులు, చుట్టూ చిన్న తోట, పరిసర గ్రామాలలోనే పుట్టి పెరిగిన యువతీయువకులు ఉపాధ్యాయులు. ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులను నడపవలసిన బడి మన పల్లెలలో సాధారణం. దానిని ఒక లోపంగా గాక, ఒక సదుపాయంగా మార్చడమే వారి పట్టుదల.

వారు చేసిన పని ఇది. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, వీటిలోని పాఠాలను పుస్తకంనుంచి విడదీసి, చిన్న చిన్న అట్టలుగా చేసినారు. ప్రతి అట్టమీదా ఒక బొమ్మ గుర్తు, ఒక సంఖ్య. గోడమీద ఒక నిచ్చెన పటం. దానిమీద ఈ అట్టలన్నీ వరుసగా మెట్లయి కనిపిస్తాయి. కొన్ని మెట్లు కొత్త విషయం చెప్పేవి, కొన్ని అభ్యాసం చేయించేవి, కొన్ని నేర్చినది నిలిచినదా అని చూచేవి. తప్పితే ఆదుకొనే మెట్టు ఒకటి, నెగ్గితే మరికొంత ముచ్చట చూపే మెట్టు ఒకటి. పరీక్ష వేరుగా ఒక భయంకర దినాన రాదు. మెట్లలో ఒక మెట్టయి, పిల్లకు తెలియకుండానే గడచిపోతుంది. పిల్లలు గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపుకు ఉపాధ్యాయుని తోడు పూర్తిగా కావలెను, ఒక గుంపుకు కొంచెమే కావలెను. ఒక గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకొంటారు. ఒక గుంపు తనంతట తాను పని చేసుకొంటుంది. వీథిబడిలోని మంచి ఇక్కడ కోదండం లేకుండా తిరిగివచ్చినదని చెప్పవచ్చును.

పల్లెలోని తల్లులు బడికి వచ్చి కథలు చెప్పినారు. ఆ కథలు పాఠాలయినవి. కొలతల సంత అని ఒకటి జరిపినారు. పెద్దలు వచ్చి నిలబడితే, పిల్లలు వారి ఎత్తు కొలిచి, బరువు తూచి, చీటీమీద వ్రాసి ఇచ్చినారు. చదువురాని తండ్రికి తన బిడ్డ చేతివ్రాతలో తన బరువు అందిన దినాన, బడి ఏమి చేస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మొదట చెప్పుకొన్న కంది కోతల బాలికను ఈ బడిలో ఊహించండి. పన్నెండు దినాల తరువాత ఆమె తిరిగివస్తుంది. నిచ్చెనమీద తన మెట్టు ఎక్కడ ఉన్నదో చూచుకొంటుంది. ఆ అట్ట తీసుకొని కూర్చుంటుంది. పాఠం ఆమెను వదలి పోలేదు, ఏలననగా ఆ పాఠం ఆమెదే. ఎవరితోనూ పోల్చరాదనే మాట, లోయలోని చర్చలలో తత్త్వంగా వినిపించినది, ఇక్కడ గోడకు వ్రేలాడే పటమయినది. కృష్ణమూర్తిగారు 1986లో కాలిఫోర్నియాలోని ఓహైలో కన్నుమూసినారు. పల్లెబడులలో ఈ పద్ధతి చాలవరకు రూపుదిద్దుకొన్నది ఆయన తరువాతనే.

ఈ పద్ధతిని ప్రభుత్వాలుకూడా గమనించినవి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకాలో నలి-కలి అనే పేరుతో ఆరంభమై, తరువాత కర్ణాటక ప్రభుత్వ పాఠశాలలలో వ్యాపించినది. నలి-కలి అంటే ఆడుతూ నేర్చుకో అని అర్థం. 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలలో ప్రవేశించి, కొన్ని ఏండ్లలో తమిళనాడంతటికీ పోయినది. పెద్దయెత్తున పోయిన చోట చిక్కులూ వచ్చినవి. తానే అట్టలు వ్రాసుకొన్న ఉపాధ్యాయునికీ, పై ఉత్తర్వుతో అట్టల పెట్టె అందుకొన్న ఉపాధ్యాయునికీ భేదం ఉన్నది. రెండవవాని చేతిలో అట్టకూడా మరొక పాఠ్యపుస్తకం కావచ్చును. పద్ధతిని పెట్టెలో పెట్టి పంపవచ్చును; పిల్లమీది చూపును పెట్టెలో పెట్టి పంపలేము. ముందుగా ఉపాధ్యాయుడు మారవలెనన్న మాట ఇక్కడనే నిజమయినది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించినది. అది గొప్ప మేలు. అయితే చట్టం బెత్తాన్ని తీసివేయగలదు. బెత్తం ఉన్న చోట నమ్మకాన్ని ఉంచవలసినవాడు పంతులే.

మరి మన జహీరాబాదు సీమలో ఏమి జరిగినది? ఇక్కడ 1983లో దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాతగా పనిచేసిన పి. వి. సతీష్‌గారు దాని స్థాపకులలో ముఖ్యులు. 2023లో ఆయన స్వర్గస్థులయినారు. పేద దళిత స్త్రీలు సంఘాలుగా కూడి, బీడునేలలలో పాతపంటల విత్తనాలు నిలుపుకొన్న చరిత్ర పలువురికి తెలిసినదే. ఆ సంస్థవారు 1990ల దశకంలో మాచునూరులో పచ్చసాలె అనే బడి ఆరంభించినారు. పనిపాటలవల్ల చదువు మానిన పిల్లలకొరకు పుట్టిన బడి అది. అక్షరాలతోపాటు సేద్యం, వడ్రంగం, కుండలపని, కుట్టుపని వంటివి అక్కడ నేర్పినారు. ఇది ఋషివ్యాలీ శాఖ కాదు; దీని పుట్టుక వేరు, దారి వేరు. కాని ప్రశ్న ఒక్కటే.

ఇక్కడ ఎదురుప్రశ్న ఒకటి వేయవచ్చును. పేదపిల్లకు మళ్లీ నాగలి, కుమ్మరిసారె చూపడం ఆమెను ఉన్నచోటనే కట్టివేయడం కాదా? పట్నపు పిల్లకు కంప్యూటరు, పల్లెపిల్లకు కుండలపనియా? ఈ ప్రశ్నను కొట్టివేయరాదు. చేతిపని చదువుకు బదులుగా వస్తే అది అన్యాయమే. చేతిపని చదువులో గౌరవస్థానం పొందితే అది వేరు. తన తల్లికి తెలిసిన విత్తనాల పేర్లు బడిలో విద్యగా లెక్కకు వచ్చిన పిల్ల, తల్లినీ తననూ తక్కువగా చూచుకొనదు. ఆ మాచునూరులోనే 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు ఆరంభమయినవి. ఆ స్టూడియోలో మైకు ముందు కూర్చున్నది, యంత్రాలు నడిపినది, ఈ పల్లెల దళిత యువతులే. వారు తమ యాసలో, తమ పంటలను గురించి, తమ పాటలతో మాట్లాడినారు. అంతవరకు రేడియో వినే స్థానంలోనే ఉన్నవారు మాట్లాడే స్థానానికి వచ్చినారు. మా వృత్తిలోనివారికి ఇంతకన్న సంతోషకరమైన వార్త అరుదు.

కరవు లోయలో పుట్టిన తత్త్వంనుంచి, కోలారు పల్లెబడి మీదుగా, గోడమీది నిచ్చెన దాకా సాగిన ఈ చరిత్ర చెప్పేది చాల చిన్న విషయం. భయం లేని చదువుకు మొట్టమొదట కావలసినవి విశాలమైన భవనాలు కావు, పెద్ద ఫీజులు కావు. తిరిగివచ్చిన పిల్లను పంతులుగారు అడిగే మాట మారవలెను. "ఇన్ని దినాలు ఏడ పోయినవ్?" అనే చోట, "యాడ ఆగినవ్ బిడ్డా, రా, ఆడికెల్లి మొదలు పెడదాం" అనగలిగితే చాలును. మొగుడంపల్లి చేలలో ఏటేటా కంది కోతకు వస్తుంది. కోత ముగిసి బడికి వచ్చే పిల్లకు ఆ మాట వినిపించవలెను.